సిలువ తీసేసిన అద్దం

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నా వయసు ముప్పై ఎనిమిది. మాది పుత్తూరు దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా తిరుపతిలో కాపురం ఉంటున్నాం. సొంత కారు కొనుక్కుని టాక్సీగా నడుపుతున్నాను. రేణిగుంటలోనో తిరుపతి స్టేషన్‌లోనో యాత్రికులను ఎక్కించుకుని కొండకు తీసుకెళ్లడం, కాణిపాకం, శ్రీకాళహస్తి చూపించి తీసుకురావడం నా పని. శని, ఆదివారాల్లోనే గిరాకీ. అందువల్ల చర్చికి వెళ్లి మూడు నెలలైంది. కారు అద్దం మీద చిన్న సిలువ స్టిక్కరు ఉండేది. అలిపిరి తనిఖీలో ఒప్పుకోరని కారు కొన్న మొదటి వారంలోనే గీకి తీసేశాను. ఆ జిగురు మరక ఇప్పటికీ పోలేదు. దాన్ని చూసినప్పుడల్లా ప్రభువును ఎరగనని బొంకిన పేతురు గుర్తుకొస్తాడు. యాత్రికులు లడ్డూ ఇస్తే కాదనలేను. కొందరు దర్శనానికి నువ్వూ రా అని పిలుస్తారు. పొద్దున లేస్తే ఫోను, కొండ మీద పార్కింగులో ఎదురుచూస్తున్నంతసేపూ ఫోను, పడుకునే ముందు ఫోను. కుటుంబ ప్రార్థన నా భార్యా పిల్లలే చేసుకుంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి మొన్న, ‘నువ్వు రావు కదా, నేనెందుకు చర్చికి రావాలి?’ అన్నాడు. దశమభాగం మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, లాడ్జీల కమీషన్ మీద కూడా లెక్కగట్టి ఇస్తాను. (ఆ కమీషన్ ఇక్కడ అందరూ తీసుకునేదే. వాళ్లు అడిగిన లాడ్జిలో గదులు నిండిపోయాయని చెప్పి మనకు ఇచ్చే లాడ్జికి తీసుకెళ్తాం, అంతే.) ఇలాంటి ఊళ్లో, ఇలాంటి పనిలో ఉంటూ విశ్వాసంలో నిలబడడం సాధ్యమేనా? పని మార్చుకోమంటారా?
— ఒక టాక్సీ డ్రైవరు, తిరుపతి

సమాధానం: నాయనా, నీది నా పెద్దకొడుకు వయసు. అందుకే ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు అద్దం మీద మరక కనిపించింది. రెండోసారి చదివినప్పుడు నువ్వు బ్రాకెట్లలో పెట్టిన రెండు మాటలు కనిపించాయి. నా దృష్టిలో అసలు ఉత్తరం అక్కడే ఉంది. కానీ నిన్ను ఇన్నాళ్లుగా కుదిపేస్తున్నది ఆ మరక కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పేతురుతో పోల్చుకున్నావు. పేతురును ఒక పనిపిల్ల సూటిగా అడిగింది, నువ్వూ ఆయనతో ఉన్నవాడివే కదా అని. అతను కాదన్నాడు. నిన్ను అలా ఎవరు అడిగారు? కారు ఎక్కినవాళ్లు మాటల్లో ‘నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావు’ అంటే ఏమి చెబుతున్నావో రాయలేదు. ఉన్నమాట చెబుతున్నావనే అనుకుంటున్నాను. చెబుతున్నట్లయితే నీకూ పేతురుకూ ఈ విషయంలో పోలికే లేదు. అన్యమత చిహ్నాలతో పైకి రాకూడదన్నది ఆ కొండ నియమం. అది వాళ్లకు పవిత్రమైన చోటు. ఒకరి గడప తొక్కేటప్పుడు చెప్పులు బయట విడవమంటే విడుస్తాం, దానికి మన కాళ్లు మనవి కాకుండా పోవు. పైగా స్టిక్కరు అంటించుకోవాలన్న ఆజ్ఞ పాత నిబంధనలోనూ లేదు, కొత్త నిబంధనలోనూ లేదు. తొలి మూడు శతాబ్దాల క్రైస్తవులు సిలువ బొమ్మను బహిరంగంగా పెట్టుకున్న దాఖలాలే చాలా అరుదు. అంతమాత్రాన వాళ్ల భక్తి తక్కువని ఎవరైనా అనగలరా?

రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయం తీసి చదువు. సిరియా సేనాధిపతి నయమానుకు కుష్ఠురోగం నయమైంది, ఇకమీద యెహోవాకు తప్ప మరెవరికీ బలి అర్పించనని మాట ఇచ్చాడు. వెంటనే ఒక ఇబ్బంది చెప్పుకున్నాడు. నా రాజు రిమ్మోను అనే దేవుడి గుడికి వెళ్తాడు, నా చేతిమీద ఆనుకుంటాడు, అతనితోపాటు నేనూ వంగాల్సి వస్తుంది, ఈ ఒక్కటి క్షమిస్తాడా అని అడిగాడు. ఆ మాట విన్న ఎలీషా ప్రవక్త మామూలు మనిషి కాదు, మెత్తని మనిషి అసలే కాదు. అయినా ఉద్యోగం మానెయ్యి అనలేదు, నెమ్మదిగా వెళ్లిరమ్మన్నాడు. నీ చేతిమీద ఆనుకునేది రాజు కాదు, స్టీరింగు పట్టుకున్న నీ చేతిని నమ్ముకుని వెనక సీట్లో నిద్రపోయే ముసలమ్మ. ఆమెను క్షేమంగా పైకి చేర్చడం విగ్రహారాధన కాదు.

దర్శనానికి రమ్మంటే మాత్రం వెళ్లకు. భయపడి చెబుతున్న మాట కాదిది. తిరుమలలో ఇతర మతాలవాళ్లు దర్శనానికి వెళ్లాలంటే ఆ స్వామి మీద తమకు విశ్వాసం ఉందని డిక్లరేషన్ రాసి ఇవ్వాలి. నువ్వు సంతకం పెడితే అది అబద్ధం. పెట్టకుండా గుంపులో కలిసి వెళ్లిపోతే అదీ అబద్ధమే. అది నీ దేవుడి ముందు తప్పు, వాళ్ల నమ్మకం పట్ల అమర్యాద కూడా. ‘నేను క్రైస్తవుణ్ణండీ, మీరు వెళ్లి రండి, ఇక్కడే ఉంటాను’ అంటే సరిపోతుంది. ఈ మాటకు కోపం తెచ్చుకునే యాత్రికులు తక్కువ. ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేశాను. నొసటన నామాలు పెట్టుకున్నవాళ్లు, మెడలో తాయెత్తులు ఉన్నవాళ్లు ఎందరో ఆపరేషనుకు వెళ్లే ముందు నా చెయ్యి పట్టుకుని ‘మీ దేవుడికి కూడా ఒకమాట చెప్పమ్మా’ అన్నవాళ్లే.

లడ్డూ విషయంలో మన సంఘాలు ఒకే మాట మీద లేవు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం చదివితే పౌలు ఎంత సేపు తర్జనభర్జన పడ్డాడో తెలుస్తుంది. నా సంగతి అడిగితే, నేను తినను. కానీ తీసుకుని, ఆ మనిషి అటు తిరగగానే చెత్తకుండీలో పడేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తినకూడదనుకుంటే ముందే చెప్పు. ‘ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉంటారు, వాళ్లకు తీసుకెళ్లండి’ అంటే సంతోషంగానే దాచుకుంటారు. అంత దూరం నుంచి వచ్చి క్యూలో నిలబడి తెచ్చుకున్నది పంచుతున్నారంటే అది వాళ్ల ప్రేమ. దాన్ని చూసి నీ పిల్లలు మూతి ముడుచుకునేలా మాత్రం పెంచకు.

‘ఇలాంటి ఊళ్లో’ అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు నాయనా. మీ ప్రాంతంలో క్రైస్తవం నిన్న మొన్న వచ్చింది కాదు. జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు 1860ల నుంచీ ఆ దిక్కున పనిచేశారు. మా చిత్తూరు వైపు ఆర్కాటు మిషన్ 1853లో మొదలైంది. కొండ నీడలోనే నాలుగైదు తరాలు ప్రార్థించి, పిల్లలకు బాప్తిస్మం ఇప్పించి, సమాధులయ్యాయి. ఊరు వాళ్లను ఆపలేదు. ఇంకొక మాట చెబితే నొచ్చుకుంటావేమో. కింద అలిపిరిలో చెప్పులు విడిచి మూడు వేల అయిదు వందలకు పైగా మెట్లు ఎక్కేవాళ్లను నువ్వు రోజూ చూస్తున్నావు. చంటిపిల్లను చంకన వేసుకుని గంటల తరబడి క్యూలో నిలబడేవాళ్లను చూస్తున్నావు. వాళ్ల విశ్వాసం మనది కాదు, సరే. కానీ వాళ్లు పైన నిలబడిన ఆ గంటలన్నీ పార్కింగులో సీటు వెనక్కి వాల్చుకుని నువ్వు ఏమి చేస్తున్నావో నువ్వే రాశావు. మధ్యలో ఊరేమి చేసింది?

ఇక ఆదివారం. దీని గురించి నాకు పుస్తకాల్లో దొరికినదానికన్నా డ్యూటీ చార్టులో తెలిసింది ఎక్కువ. ఆసుపత్రికి ఆదివారం లేదు. నా పెళ్లయిన మొదటి ఏడాది క్రిస్మస్ ఆరాధన జరుగుతున్నప్పుడు నేను కాలిన గాయాల వార్డులో కట్లు మారుస్తున్నాను. పాటలు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. ఏడుపు వచ్చింది, కానీ చేతిలో కట్టు సగంలో ఉంది. విశ్రాంతిదినం మనుషుల కోసమే నియమించబడిందని ప్రభువే అన్నాడు కదా. కాబట్టి ఆదివారం పని చేశావని నేను నీకు శిక్ష వేయను. అయితే నాకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. మా నర్సుల్లో ఆదివారం డ్యూటీ పడినవాళ్లు రెండు రకాలుగా ఉండేవాళ్లు. ఒకరు బుధవారం సాయంత్రమో శుక్రవారం ఉపవాస ప్రార్థనకో వెళ్లి కూర్చునేవాళ్లు. ఇంకొకరు ‘ఆదివారం కుదరలేదు కదా’ అని వారమంతా వదిలేసేవాళ్లు. పదేళ్ల తరువాత చూస్తే రెండో రకంవాళ్లకు ఆదివారం సెలవు దొరికినా చర్చికి వెళ్లే అలవాటు పోయింది. మూడు నెలలు అన్నావు. ఇంకా ఆలస్యం కాలేదు, కానీ దగ్గరపడుతోంది.

ఆదివారం సెలవు అనేది రోమా సామ్రాజ్యంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో ఆజ్ఞ ఇచ్చాక వచ్చింది. అప్పటిదాకా అది పనిదినమే. మరి అంతకుముందు మనవాళ్లు ఏమి చేసేవాళ్లు? దీనికి సాక్ష్యం మన ప్రత్యర్థి రాసిన ఉత్తరంలోనే ఉంది. సుమారు 112లో బితూనియ ప్రాంతాన్ని ఏలుతున్న ప్లినీ అనే రోమా అధికారి క్రైస్తవులను విచారించి, తెలిసిన సంగతులు చక్రవర్తి ట్రాజన్‌కు రాసి పంపాడు. ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని, క్రీస్తును దేవుడిగా భావించి పాట పాడతారని, తరువాత ఒక ప్రమాణం చేస్తారని రాశాడు. అందరూ అక్కడిదాకా చదివి, చూశారా తెల్లవారకముందే లేచేవాళ్లు అని మెచ్చుకుంటారు. నీలాగా నాలుగింటికి లేచి స్టేషనుకు వెళ్లేవాడికి అది పెద్ద విషయం కాదు. ఆ ప్రమాణం ఏమిటో చూడు. దొంగతనం చేయబోమని, దోపిడీ చేయబోమని, వ్యభిచరించబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, తమను నమ్మి ఎవరైనా దాచమని ఇచ్చింది తిరిగి అడిగితే లేదనబోమని. బానిసలు మొదలుకొని అన్ని తరగతులవాళ్లూ చీకట్లో కూడి పాట పాడాక చేసుకున్న ఒప్పందం అది. పాట అయ్యాక వాళ్లు వెళ్లేది బజారుకే, పొలానికే, యజమాని ఇంటికే. అక్కడ ఎలా ఉండాలో ముందే అనుకుని వెళ్లేవాళ్లు.

ఇప్పుడు నీ బ్రాకెట్ల దగ్గరికి వస్తాను.

తెల్లవారుజామున రైలు దిగిన కుటుంబం. ఊరు కొత్త, కొందరికి భాష కూడా కొత్త. చేతిలో ఎవరో బంధువు చెప్పిన లాడ్జి పేరు ఉంది. నీ ముఖం చూసి, మంచివాడిలా ఉన్నాడనుకుని నీ కారు ఎక్కారు. అక్కడ గదులు నిండిపోయాయని చెప్పావు. వాళ్లు నమ్మారు. నీకు ఇచ్చే లాడ్జిలో దింపావు. నీకు వచ్చే కమీషన్ ఆ లాడ్జి యజమాని జేబులోంచి వస్తోందని అనుకుంటున్నావేమో. గది అద్దెలో కలిపి ఆ కుటుంబం దగ్గరే వసూలు చేస్తాడు. ‘అంతే’ అని రాశావు చూడు, నీ ఉత్తరం మొత్తంలో నన్ను బాధపెట్టిన మాట అదొక్కటే.

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది. దేవుణ్ణి నమ్మాను అంటాం. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాణ్ణి నమ్మకస్థుడు అంటాం. రెండూ ఒకే మాటలోంచి పుట్టాయి. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలోనూ అంతేనని చెబుతారు, విశ్వాసానికీ నమ్మకత్వానికీ ఒకే మాట. ‘భళా, నమ్మకమైన మంచి దాసుడా’ అన్న ఉపమానంలో యజమాని ఆ దాసుణ్ణి ఎన్ని ఆరాధనలకు వచ్చావని అడగలేదు, అప్పగించిన సొమ్ము లెక్క అడిగాడు. నువ్వు విశ్వాసంలో నిలబడడం గురించి అడిగావు. నీ ప్రయాణికులు నిన్ను నమ్మి నిలబడిన చోటే అది తేలుతుంది.

మా నాన్నగారి సంగతి ఒకటి చెబుతాను. ఆయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తా. కాటా దగ్గర కూర్చుని రైతు తెచ్చిన బెల్లం తూకం చీటీ మీద రాయడం ఆయన పని. తేమ పేరు చెప్పి తరుగు తీయడం మండీల్లో ఉండేదే. ఆ యజమాని మాత్రం అది కాక, ప్రతి తూకంలోనూ రెండు కిలోలు తక్కువ రాయమన్నాడు. మా నాన్న రాశారు. ఒక రోజు కాదు, రెండేళ్లు రాశారు. ఆ రెండేళ్లూ ప్రతి ఆదివారం చర్చిలో పాఠం చదివిందీ ఆయనే, కానుకల సంచీ పట్టిందీ ఆయనే. ‘దొంగ త్రాసు యెహోవాకు హేయము’ అన్న సామెత ఆయనకు తెలియక కాదు, మాకు కంఠస్థం చేయించిందే ఆయన. ఒకనాడు పల్లెనుంచి వచ్చిన ముసలి రైతుకు చీటీ రాసి చేతికిచ్చి, చూసుకోమన్నారట. ఆ రైతు దాన్ని విప్పి కూడా చూడకుండా మొలలో దోపుకుని, ‘నువ్వు రాశావు కదయ్యా, ఇంక నేను చూసేదేముంది’ అని వెళ్లిపోయాడు. మా నాన్నకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

తరువాత ఆయన ఏదో వీరుడిలా రాజీనామా చేశారనుకోకు. ఇంట్లో నలుగురు పిల్లలం. యజమాని దగ్గరికి వెళ్లి, కాటా దగ్గర కూర్చోలేను, లారీల లెక్క రాసే పనికి మార్చమని బతిమాలుకున్నారు. జీతం తగ్గింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు మాకు కొత్త బట్టలు లేవు, అమ్మ పాత చీర కత్తిరించి నాకు పావడా కుట్టింది. ఈ విషయం ఆయన సంఘంలో సాక్ష్యంగా ఎన్నడూ చెప్పలేదు. నాకు ఉద్యోగం వచ్చి, మొదటిసారి మందుల ట్రాలీ తోయబోయే ముందు రోజు చెప్పారు. ‘కొలిచి పోసే ఉద్యోగం నీది. రోగి సీసా చూడడు, నీ మొహం చూస్తాడు’ అన్నారు. ఆ రెండేళ్లు మోసపోయిన రైతులకు తిరిగి ఇవ్వలేకపోయానన్న బాధ ఆయనతోనే పోయింది.

కాబట్టి నీకు చెప్పేది ఇది. గదులు నిండిపోయాయన్న మాట రేపటినుంచి నీ నోట రాకూడదు. మెల్లగా తగ్గిస్తాను అనకు. అబద్ధాన్ని విడతలవారీగా మానడం నాకు తెలిసి ఎవరివల్లా కాలేదు. వాళ్లు అడిగిన లాడ్జికే తీసుకెళ్లు. అక్కడ నిజంగానే గది లేకపోయినా, మీకు తెలిసిన మంచి చోటు చెప్పమని వాళ్లే అడిగినా, ‘ఈ లాడ్జివాళ్లు నాకు కొంత ఇస్తారు, గది చూడండి, నచ్చితేనే దిగండి’ అని చెప్పి తీసుకెళ్లు. ఎదుటివాడికి చెప్పి తీసుకునే కమీషన్‌ను నేను తప్పుపట్టను. చెప్పలేనిదైతే, ఎందుకు చెప్పలేవో నీకే తెలుసు.

దీనివల్ల నెలకు ఎంత పోతుందో రాయలేదు. ఒక రాత్రి నీ భార్యతో కూర్చుని లెక్క వేయి. కారు కంతు, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అన్నీ కాగితం మీద పెట్టు. ఆమెకు ఇప్పటిదాకా ఈ కమీషన్ సంగతి తెలియకపోతే చెప్పడానికి సిగ్గుపడతావు, అయినా చెప్పు. ఏ ఖర్చు తగ్గించాలో ఆమెకు నీకన్నా బాగా తెలుస్తుంది. నిజం చెబితే గిరాకీ రెట్టింపవుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను. మన సాక్ష్యాల్లో అలాంటి ముగింపులు తరచుగా వింటుంటాం, నాకు వాటి మీద అంత గురి లేదు. మా నాన్నకు జీతం మళ్లీ పెరగడానికి ఆరేళ్లు పట్టింది.

స్టాండులో తోటి డ్రైవర్లు గొణుగుతారు. పెద్ద నీతిమంతుడు వచ్చాడంటారు. వాళ్లకు ప్రసంగం చేయకు, వాళ్ల ప్రయాణికుల దగ్గర వాళ్ల గుట్టు విప్పకు. నీ కారు వరకు నువ్వు చూసుకో. వాళ్లలో ఎవరికైనా ఇంట్లో జ్వరమొస్తే, టైరు పంక్చరైతే ముందు నువ్వు వెళ్లు. ఆ తరువాత వాళ్లు ఏమన్నా పర్వాలేదు.

దశమభాగం మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చినవాళ్లతో ప్రభువు ఏమన్నాడో మత్తయి ఇరవై మూడో అధ్యాయంలో ఉంది. ఇవ్వడం మానమనలేదు, న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలిపెట్టారన్నాడు. నువ్వు ఆ కమీషన్ మీద ఇచ్చే పదో వంతు మిగిలిన తొమ్మిది వంతులకు రసీదులా పనిచేస్తోందేమో ఒకసారి ఆలోచించు. మీ పాస్టరు గారికి ఇది చెబితే ఆయన కోప్పడడు. కోప్పడినా ఒకటి రెండు రోజులే.

పని మార్చుకోవాలా అన్నావు. అక్కరలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి ఏమి చేయాలని అడిగితే, సుంకం వసూలు మానేయమనలేదు. ‘మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు’ అన్నాడు. అంతకన్నా కష్టమైన సలహా లేదు, ఎందుకంటే రేపు మళ్లీ అదే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాలి.

మిగిలినవి చిన్నవి, త్వరగా చెబుతాను. చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, ఉంటుంది. మీ సంఘంలో ఏ ఆదివారమో చూసి, ఆ రోజును ఇప్పుడే క్యాలెండరులో గుండ్రంగా చుట్టు. ఎంత పెద్ద బేరం వచ్చినా ఆ పూట కారు బయటికి తీయకు. బ్రహ్మోత్సవాల నెల అయితే నష్టం ఎక్కువే, తెలుసు. మిగిలిన వారాల్లో ఒక సాయంత్రం కూడికకు వెళ్లు. మీ అబ్బాయికి ‘దేవుడు మన మనసు చూస్తాడు లేరా’ లాంటి మాటలు చెప్పవద్దు. ఎనిమిదో తరగతి పిల్లలకు అవి ఎక్కడినుంచి వస్తున్నాయో తెలిసిపోతుంది. ‘నాకూ రావాలని ఉంది, కారు అప్పు కోసం రాలేకపోతున్నాను, ఫలానా ఆదివారం నీ పక్కన కూర్చుంటాను’ అని చెప్పు, కూర్చో. రాత్రి నువ్వు ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతుంటే కుటుంబ ప్రార్థన రాత్రే జరగాలన్న పట్టు దేనికి? నువ్వు వాళ్లను బడి దగ్గర దింపే రోజుల్లో, దిగేముందు కారు ఆపి రెండు నిమిషాలు ప్రార్థించండి. ఒకరోజు నువ్వు, ఒకరోజు వాడు.

ఫోను గురించి నీతులు చెప్పే అర్హత నాకూ లేదు. మోకాళ్ల నొప్పులకు ఏదో వీడియో చూద్దామని తెరిచి గంట పోగొట్టుకునేదాన్ని నేనూ. పార్కింగులో ఎదురుచూసే గంటల్లో ఫోను డ్యాష్‌బోర్డు అరలో వేసి మూత పెట్టు, ప్రయాణికులు పిలిస్తే మోగుతుంది కదా. బైబిలు పుస్తకం కొండ పైకి తీసుకెళ్లి లేనిపోని తగాదా తెచ్చుకోకు. కంఠస్థం చేసుకున్నదాన్ని ఏ తనిఖీలోనూ దింపమనరు. కీర్తనల్లో నూట ఇరవై నుంచి నూట ముప్పై నాలుగు వరకు పదిహేనింటికి ‘యాత్ర కీర్తన’ అని పేరు, గమనించావా? యెరూషలేము కొండకు ఎక్కే యాత్రికులు దారిలో పాడుకునేవని చెబుతారు. చిన్నచిన్నవి, వారానికి ఒకటి చొప్పున పట్టుకోవచ్చు. నూట ఇరవై ఒకటితో మొదలుపెట్టు. ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను’ అని మొదలై ‘నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును’ అని ముగుస్తుంది. రాకపోకలే జీవనంగా ఉన్నవాడికి ఇంతకన్నా ఏమి కావాలి? ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు తొందరపడి నిర్ణీత సమయానికన్నా ముందే కిందికి చేరితే ఎలాగూ జరిమానా వేస్తారు, నెమ్మదిగా మనసులో చెప్పుకుంటూ దిగు.

ఈ ఉత్తరం నీ భార్యకు కూడా చదివి వినిపించు.

అన్నట్టు, ఆ జిగురు మరక. బ్లేడుతో గీకకు, అద్దం మీద గీతలు పడవచ్చు. కొబ్బరినూనె దట్టంగా రాసి గంటసేపు వదిలేయి. తరువాత పాత బనియన్ గుడ్డతో గుండ్రంగా రుద్ది, సబ్బునీళ్లతో తుడువు. రోగుల చర్మం మీద ప్లాస్టరు పీకాక మిగిలే బంకను మేము వార్డులో అలాగే తీసేవాళ్లం. పోతుంది.